నేల తగలని అంచు

కురుపాం మార్కెట్‌లో, గాజుల కొట్టు మెట్ల కింద
ఒక్క కుట్టుమిషను పట్టే జాగాలో
ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నాను.
ఫాల్, పీకో. రేటు అట్టముక్క మీద రాసుంది.

పమిట అందరూ చూస్తారు.
నేను చూసేది అడుగు.
మడమ దగ్గర ఫాల్ అరిగిన తీరే చెప్పేస్తుంది:
ఈవిడ స్కూలు టీచరు, బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది.
ఈవిడ రోజూ పరిగెత్తి బస్సెక్కుతుంది.
ఈవిడ వెంకటగిరి చీర బీరువాలోనే ముసలిదైంది,
మడతల దగ్గర చిట్లింది గానీ అంచుకి ఒక్క మరక లేదు.

సముద్రం పక్క ఊరు.
ఎంత మంచి జరీ అయినా నాలుగు వానాకాలాల్లో నల్లబడుతుంది.
"షాపువాడు మోసం చేశాడా?" అని అడుగుతారు.
గాలి అమ్మా, అంటాను.
ఉప్పుగాలికి జరీపోగూ ఒకటే, కిటికీ చువ్వా ఒకటే.

నేను మాత్రం నైటీ మీద తువ్వాలు వేసుకుని కుడతాను.
మా అమ్మమ్మది పొందూరు.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది.
మీసాల్లాంటి ఆ సన్నటి పళ్ళ మీద
గింజని అంటుకున్న దూది మంచులా విచ్చుకునేది.
"చేప కొరికితేనే గుడ్డ మెత్తన" అనేది.
ఆ దవడ ముక్క ఒకటి నా సూదుల డబ్బాలో ఉంది.
దేనికీ వాడను. పారేయను.

శ్రావణానికి ముందు, ఒక మధ్యాహ్నం
గంప దించింది కాసులమ్మ, జాలరిపేట నుంచి.
చీర మోకాలి దాకా, గోచీ బిగించి,
బొడ్లో చిల్లర సంచి,
పిక్కల మీద ఎండిన పొలుసులు తళుక్కుమంటూ.
ఆ కట్టుకి ఫాల్ ఎవరూ కుట్టించరు.
నేల తగలని అంచుకి కాపలా ఎందుకు?

సంచిలోంచి ధర్మవరం పట్టు తీసింది, నెమలికంఠం రంగు.
"సంగానికి పెసిడెంటుని సేసీసినారప్పా నన్ను.
కలెక్టరాఫీసులో మీటింగంట, కుర్సీలో కూకోవాలంట.
కాళ్ళు కనబడకండా కుట్టీ."

ఫాల్ గుడ్డ రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి
చేత్తో కుట్టాను. పట్టుకి మిషను పెట్టను.
కట్టడమూ నేర్పాను, గాజుల కొట్టు అద్దం ముందు.
ఆరు కుచ్చిళ్ళు, ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం.
అద్దంలోకి వంగి చూసి
"ఈవిడెవుర్తే?" అని నవ్వింది.

నెల్రోజులకి అదే చీరతో మళ్ళీ వచ్చింది.
"ఇప్పీ."
మెట్లట.
"పద్నాలుగు మెట్లు. అడుగెక్కడేత్తన్నానో కనబళ్ళేదు.
పడవ మీంచి పడవ మీదకి గెంతినదాన్ని,
గోడ అట్టుకుని ఎక్కినాను.
మాటాడ్డానికి లేత్తే కుచ్చిళ్ళు కాలికింద పడ్డాయి.
మాటా వాటితోనే పడింది."

రెండో మీటింగుకి
హాల్లోకి వెళ్ళబోయే ముందు, స్కూటర్ల స్టాండు వెనక
అదే పట్టుని ఎగ్గట్టి గోచీ పోసిందట.
ఐసు రేటు, జెట్టీ మీద లైట్లు, డీజిలు,
అడగాల్సినవన్నీ అడిగిందట.
"మరి కుర్చీ?" అన్నాను.
"కూకున్నాను. కాలు మీద కాలేసుకుని."

బ్లేడు తీయలేదు. సూదిమొనతోనే ఒక్కో కుట్టూ విప్పాను.
పట్టు మీద చుక్కలు మిగిలాయి,
ఇసకలో పిట్ట నడిచిన వరసలా.
"పోతాయా?"
పోవు. తడిస్తే కొంచెం పూడతాయి.
"అయితే పూడిపోతాయిలే" అంది.

డబ్బులు వద్దన్నాను.
విప్పిన ఫాల్ గుడ్డలోనే నాలుగు కానాగంతలు మూటకట్టి
మిషను పక్కన పెట్టింది.
గంప ఎత్తుకోవడానికి ఒక చెయ్యి వేశాను.
బరువే.

సాయంత్రం బ్యాంకు మేడమ్
ఉప్పాడ చీర అందించబోయి ముక్కు మూసుకుంది.
సూదుల డబ్బా మూత తీశాను,
దవడ చూపించి పొందూరు గురించి చెబుదామని.
మళ్ళీ మూసేశాను.
"రేపు రండి మేడమ్" అన్నాను,
"గుడ్డ ఈ రాత్రికి నానాలి."