కప్పినవాడు

తలుపు తోసుకుని పదకొండు మంది వచ్చారు.
చేతుల్లో టార్చిలైట్లు, చెవుల మీద పెన్సిళ్లు,
ఒకడి జేబులో సగం కొరికిన రొట్టె.
వెనక మఖ్వాలా టీచర్, రొప్పుతూ.
త్బిలిసీలో మా సందు ఎక్కితే ఎవరైనా రొప్పాల్సిందే.

"మన పేట చరిత్ర వెతుకుతున్నాం తాతా"
అంది ముందుపళ్లు ఊడిన గ్వాంత్సా.
వెతుక్కోండి, నాకేం, అన్నాను.
చిల్లర వేస్తే గానీ ఈ లిఫ్టు కదలదన్నాను.
అదీ రాసుకున్నారు.

గడప మీద అరిగిపోయిన అక్షరాలకి
కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దారు.
మెట్ల పక్క ఇనప చట్రంలో ద్రాక్షగుత్తులు లెక్కపెట్టారు.
పంతొమ్మిదన్నాడు షియో, ఇరవై ఒకటన్నాడు త్సోత్నే,
జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.
యాభై ఏళ్లుగా ఆ చట్రం పట్టుకునే పైకెక్కుతున్నాను.
చేతికి చల్లగా తగిలేవి ద్రాక్షలని
ఇవాళే తెలిసింది.

అప్పుడు ఎలిసో అనే పిల్ల,
అంతదాకా నోరు విప్పనిది,
పోస్టు డబ్బాల వెనక సందులోకి వెలుగు వేసింది.
"ఇక్కడొక కాలుంది."

కాలే.
చెప్పులేని ఆడమనిషి పాదం, మడమ దగ్గర నీళ్లు,
అంతా కలిపి జానెడు.
దాని చుట్టూ గోడంతా ఆస్పత్రి ఆకుపచ్చ.

నా గుండె ఒక మెట్టు జారింది.

పిల్లలూ, ఆ ఆకుపచ్చ నాది.
డెబ్భై నాలుగు, చలికాలం.
హౌసింగ్ ఆఫీసువాళ్లు రెండు డబ్బాల రంగిచ్చి
శుక్రవారం లోపల అన్నారు.
నాకు ఇరవై మూడు. కొత్త పెళ్లాం, కొత్త బూట్లు.
బూట్ల మీద చుక్క పడకూడదు, అదొక్కటే ధ్యాస.
ఆమె ఏటి ఒడ్డున నిలబడి ఉంది,
ఒక కాలు నీళ్లలో పెట్టి
రెండోది పెట్టనా మాననా అన్నట్టు.
బుగ్గ మీద చెమ్మ మరక.
నిచ్చెన వేసుకుని మొహం నుంచే మొదలుపెట్టాను.
మొహం పోతే తక్కినదంతా గోడేగా.
డబ్బాలు విప్పి మళ్లీ బిగించడానికి ఒళ్లు వంగక
ఆ కాలు అలా వదిలేశాను.
దయ అని రాసుకునేరు, బద్ధకం.

ఇదంతా పైకి అన్నానా?
సగం అన్నాను. సగం దగ్గులో పోయింది.

"బొమ్మ ఎవరు వేశారు?" అన్నాడు త్సోత్నే.
తెలీదురా.
టీచర్ ఏదో సర్దబోయింది, వెళ్దాం పదండి అని.
ఎలిసో మాత్రం మెట్టు మీద కూర్చుని రాస్తోంది.
తలకిందులుగానే చదివాను:

వేసినవారు: తెలియదు.
కప్పినవారు: జుంబెర్ తాత, మూడో అంతస్తు.
మిగిలినది: ఒక కాలు.

ఈ ఇంటి చరిత్రలోకి నా పేరు
అలా ఎక్కింది. కొట్టేయమని అడగలేకపోయాను.
అక్షరాలు గుండ్రంగా, బాగున్నాయి.

ఇప్పుడు గురువారం గురువారం వస్తున్నారు.
మ్యూజియం నుంచి ఒకమ్మాయి, దూది, ఏవో సీసాలు.
రోజుకి బొటనవేలంత తేలుతోంది.
నేను కుర్చీ తెచ్చుకుని కింద కూర్చుంటాను.
బొమ్మ మొత్తం చూసినవాణ్ణి
ఈ వీధిలో నేనొక్కణ్ణే మిగిలానట.
అందుకని నన్నే అడుగుతారు.
"తాతా, గౌను ఏం రంగు?"

నీలం అన్నాను, తడుముకోకుండా.
ఆ రాత్రి లేచి కూర్చున్నాను.
నీలమేనా?
ఆవిడ కట్టిందా, మా ఆవిడ కట్టిందా ఆ నీలం?

నిన్నటికి మోకాలి దాకా వచ్చారు.
బట్ట అంచు ఇంకా తగల్లేదు.