ఎడమొహం పెడమొహం

లారీ మీంచి దింపేసరికి అవి రెండూ
ఎడమొహం పెడమొహంగానే ఉంటాయి.
వీపుకు వీపు ఆనించి బోల్టులు బిగించిన రెండు వ్యాను తలలు.
వెనక చక్రాల్లేవు. అసలు వెనకంటూ లేదు.
సాంగ్రో లోయ నుంచి పోజ్జిబొన్సీ దాకా
ఒకటి వచ్చే రోడ్డును చూస్తూ వచ్చింది,
రెండోది వదిలేసిన రోడ్డునే చూస్తూ.

"మొగుడూ పెళ్ళాల్ని విడదియ్యవే ఫోస్కా" అంటాడు నెరేయో.
ప్రతి సోమవారం అదే హాస్యం.
నాలుగు బోల్టులు, నిమిషం పని.
అప్పుడు తెలుస్తుంది,
ఇన్నాళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకునే నిలబడ్డాయని.
జాకీ ఆలస్యమైతే మూతి పైకెత్తి కూలబడతాయి.

వెన్నెముక మేమిస్తాం.
జింకు పూత వేసిన చాసిస్, చేప పొట్టలా చల్లగా,
పాతదానికంటే జానెడు కిందికి,
ముసలి మోకాళ్ళకు ఒక మెట్టు తగ్గేలా.
ఇరుసు గొట్టంలో మెలి తిరిగే ఉక్కు కడ్డీలు.
బ్రేకు గొట్టం పొడిగిస్తాం, హ్యాండ్‌బ్రేకు తీగ పొడిగిస్తాం,
వెనక దీపాల వైర్లకు రెండు మీటర్ల అతుకు.
సీట్ల వెనక కోసేసిన పైకప్పు రేకులు
నెరేయో ఇంటికి పట్టుకుపోతాడు.
అతని కోళ్ళు వర్షానికి తడవవు.

వెల్డింగ్ మాత్రం వద్దు.
నిప్పు తగిలిన చోట జింకు పోతుంది,
తుప్పు అక్కడే కాచుక్కూచుంటుంది.
చాసిస్ అంచుకు కన్నం వెయ్యొద్దు.
వేశాను ఒకసారి, కొత్తలో.
నెరేయో తిట్టలేదు. టేపు చేతికిచ్చి
మధ్యాహ్నం దాకా కొలిపించాడు
ఆ ఒక్క కన్నాన్నే.

టార్క్ రెంచి టిక్కుమనగానే
నట్టు మీంచి చాసిస్ మీదకు ఒక పసుపు గీత గీస్తాను.
నట్టు కదిలితే గీత విరుగుతుంది.
దానికొచ్చిన భాష అంతే.

ఆ జంటల్లో ఏది ఎటు పోతుందో మాకెవరూ చెప్పరు.

మొన్న ఆదివారం సాన్ జిమిన్యానో దిగువ పార్కింగులో
డచ్చి నంబరు ప్లేటుతో ఒక తెల్ల బండి,
అద్దానికి ఆరేసిన తువ్వాలు.
ఆగలేకపోయాను. వెల్లకిలా పడుకుని
కిందికి జరిగి, గోటితో బురద గీకాను.
గీతలున్నాయి. వెలిశాయి, విరగలేదు.
ఎడమ వైపు నాలుగోది మాత్రం
వెంట్రుకవాసి పక్కకు జరిగినట్టుంది.
లేకపోతే నా కళ్ళజోడా?

పైనుంచి ఒక పెద్దావిడ గొంతు,
వచ్చీరాని ఇటాలియన్‌లో:
"ఏమైనా పోగొట్టుకున్నారా?"

"లేదండీ" అన్నాను చక్రాల మధ్య నుంచి.
"పద్దెనిమిదో నంబరు స్పానరుందా?"