తొంభై పోగులు

కరెంటు పోయిన పగటేళ
కొత్తవాడల మా జిరాక్స్ షాపుకు
చిలుపూరి హేమలత వచ్చింది.
చేతిల పోర్చుగల్ కార్డు,
సంచిల పాత బస్సు టికెట్లు.
అక్కడ పండ్ల డబ్బాలు కడుతది ఆమె.
పెనిమిటి సారంగం పక్క దేశం స్పెయిన్ల,
ఇంకో కార్డు మీద.

"నడుమ గేటు లేదన్నా,
కాళేశ్వరం కాడ గోదారి వంతెన దాటి
సిరొంచల దిగినట్టే.
ఫోన్ల సిగ్నల్ మారుతది, గంతే.
డ్రైవర్ రేడియో కూడ ఆపడు."

గేటు లేదు, లెక్క ఉన్నది.
నూట ఎనభై రోజుల్ల తొంభై.
వచ్చిన రోజూ రోజే, పోయిన రోజూ రోజే.
ముద్ర కొట్టేటోడు లేడు గనక
ఎవరి లెక్క వాళ్ళే రాసుకోవాలె.

"జనవరి నుంచి జూన్ దాకనా?"
కాదమ్మా. మీ మేనమామ జంపఖానా మగ్గం యాదికి తెచ్చుకో.
ముందట ఒక్క పోగు పడితే
ఒళ్ళోని కర్రకు ఒక్క పోగు చుట్టుకుంటది.
కండ్లకు ఎప్పుడూ అదే మూరెడు బట్ట,
కానీ నిన్నటి మూరెడు కాదు.

క్యాలెండర్ కింద పరిచి పెన్సిల్ పెట్టిన.
జూన్ మూడు నుంచి ఆగస్టు ఇరవై:
డెబ్భై తొమ్మిది.
మిగిలినయి పదకొండు.
ఆమెకు సెలవేమో ఇరవై ఒక్క రోజు.
నవంబర్ పదిన పోతే
ఇరవైకి మళ్ళ బస్సెక్కాలె.
పందొమ్మిదిన పోతే సెలవంతా ఉండొచ్చు:
ముప్పయ్యో తారీఖు నుంచి
జూన్ రోజులు ఒక్కొక్కటే రాలిపోతయ్.

"జూన్ మూడా," అన్నది.
"వాన లేకున్నా గొడుగు పట్టుకొని
బస్టాండ్ల నిలబడ్డడు ఆ రోజు.
అది రాలితేనే నాకు కొత్తది వస్తదా?"

రూలు గట్లనే ఉన్నది, నేనేం చెప్పాలె.

కొంచెంసేపు టికెట్లు సర్దింది.
"ఆయనకు మోకాలు ఆపరేషన్.
పన్నెండున."

పెన్సిల్ మొన విరిగింది,
చెక్కుకుంట తల వంచుకున్న.
"దవాఖానల పొద్దంతా బెంచీ మీద కూసున్నా
రోజేనా?"
రోజే.

కరెంటొచ్చింది.
ఎవరిదో రేషన్ కార్డు సగంల ఇరుక్కున్న మిషను
మెల్లగ కక్కింది దాన్ని.
హేమలత పది చుట్టూ ఒక సున్న చుట్టింది,
పందొమ్మిది చుట్టూ ఇంకోటి.
"రెండు కాపీలు తియ్యన్నా,
ఒకటి ఆయనకు పంపుత."