వట్రుసుడి

ఇరవై రెండేళ్లు వంగి పనిచేస్తే
లోపల మెడ ఎముక నిటారైపోయిందట.
ఉండాల్సిన వంపు లేదని
ఎక్స్‌రేని కిటికీ వెలుగుకు పెట్టి చూపించింది కయల్‌విళి.
ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

పెరంబూరులో, పాల డిపో మీద, ఒక గది.
రెండు బల్లలు, గోడకు మేకు,
మేకుకు వేలాడే పచ్చ రబ్బరు పట్టీ.
ఆమె భాషలో మెడ అంటే కళుత్తు.
అక్షరం అంటే ఎళుత్తు.
ఈ ఊళ్లో పుట్టి నలభై ఆరేళ్లయినా
రెండింటికీ ఒక్క 'క' మాత్రమే తేడా అని
ఆ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాకే తట్టింది.

రాయపేటలో కోదండపాణి గారి డీటీపీ షాపు.
పెళ్లి పత్రికలు, పంచాంగాలు, పెద్దకర్మ కార్డులు,
నెల్లూరు నుంచి వచ్చే పదో తరగతి గైడ్లు,
అన్నీ నా మెడ మీదుగానే అచ్చుకెళ్లాయి.
ఎక్కడ తలకట్టు తెగినా, కొమ్ము విరిగినా
ముక్కు తెరకు తగిలేంత వంగి అతికించేదాన్ని.
అక్షరానికి తల కట్టడం తెలుసు.
నా తల ఎక్కడ వేలాడుతోందో తెలీదు.

"గడ్డం వెనక్కి లాగండక్కా. కిందికి కాదు, వెనక్కి.
సొరుగు మూసినట్టు."
లాగాను. అద్దంలో నాకు రెండు గడ్డాలు.
సిగ్గేసి పక్కకు చూశాను.
రెండో బల్ల మీద ఐటీ కుర్రాడు,
మా వాడికన్నా చిన్నవాడేమో,
వాడికీ రెండు గడ్డాలే.
ఒకర్నొకరం చూసీ చూడనట్టు
ఐదు దాకా లెక్కపెట్టాం.

"మెదువా, మెదువా" అంటుంది, మెల్లగా అని.
నాకు ప్రతిసారీ మెడ, మెడ అనే వినిపిస్తుంది.
అరచెయ్యి నుదుటికి ఆనించి తోయాలి, తల కదలకూడదు.
చెవి పక్కన ఆనించి తోయాలి, అయినా కదలకూడదు.
నాతో నేనే పోట్లాట,
ఎవరూ గెలవకుండా పది అంకెలు.
ఇంట్లో ఎవరి మాటకూ ఇంతసేపు ఎదురు నిలబడింది లేదు.

రబ్బరు పట్టీ రెండు చేతులా లాగితే
వీపు మీది రెక్కలు దగ్గరకొస్తాయి.
"మధ్యలో పెన్సిలు ఉందనుకోండి, పడనీయకండి."
ప్రూఫుల ఎర్ర పెన్సిలే గుర్తొచ్చింది.

మొదటి వారం నొప్పి ఎక్కువైంది.
మానేస్తానన్నాను.
"సరే. వచ్చే నెల మళ్ళీ వస్తారుగా" అంది
నోటుబుక్కులోకి తల దించి రాసుకుంటూ.
"నీ గడ్డం" అన్నాను.
నవ్వి, వెనక్కి లాగింది.

షాపులో తెర కింద పాత పంచాంగాలు పేర్చాను:
శుభకృతు, శోభకృతు, క్రోధి.
మూడేళ్ల తిథులూ దుర్ముహూర్తాలూ కలిసి
తెరను నా కళ్లదాకా లేపాయి.
అరగంటకోసారి లేచి గోడకు వీపు ఆనిస్తుంటే
"గోడ పడిపోతోందా?" అన్నారు కోదండపాణి గారు.
మూడో వారం, నేను చూడట్లేదనుకుని,
ఆయనా ఆనించారు.

ఆరో వారం, బుధవారం సాయంత్రం,
సెంట్రల్ ఎదుట రోజూ బస్సు మారే చోట
ఎందుకో తల ఎత్తాను.
పట్టేయలేదు.
అందుకని ఇంకాస్త ఎత్తాను.
రెండో అంతస్తు మీద బోర్డు:
యాత్రికుల వసతి గహం.
గ కింద వట్రుసుడి లేదు.
కూర్చింది నేనే, తొమ్మిదేళ్ల కింద.
సూట్‌కేసులతో, పసిపిల్లలతో, గుండ్లు గీయించుకుని
ఎంతమంది దాని కిందుగా లోపలికి వెళ్లుంటారో.
నేనైతే రోజూ దాని కిందే నిలబడి
నా చెప్పులూ నా ఫోనూ చూసుకున్నాను.

పోయిన వంపు తిరిగొస్తుందో లేదో చెప్పలేనంది కయల్‌విళి.
నొప్పి సగం తగ్గింది.
శనివారాలు మళ్ళీ పట్టేస్తుంది.

బోర్డు కింద నిలబడి గడ్డం వెనక్కి లాగాను.
పూలమ్మే ఆవిడ వింతగా చూసింది.
ఒకటి, రెండు, మూడు.
ఉండాల్సిన వంపు లేని చోటు
ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది.
నాలుగు.
బస్సొచ్చింది. ఎక్కలేదు.
ఐదు.