గొళ్ళెం

గొంతులో తిప్పిన దూదిపుల్ల
రాత్రి తొమ్మిదింటికి వార్డు నుంచి నా బల్ల మీదికొచ్చింది.
చీటీ మీద: ఖాజా హుసేను, మూడేళ్ళు, నకాష్ వీధి, కడప.
కళ్ళెర్రగా, జ్వరం నూటనాలుగు,
ఊపిరి నిమిషానికి యాభై ఎనిమిది.
మిషన్లో గీత పద్దెనిమిదో చుట్టుకే లేచింది.
అడినో.
పిలిస్తే పలికే పిల్లోడి పేరులాగుంటుంది.

వాళ్ళమ్మ మాబున్ని
ఊరి బయట నాపరాళ్ళకు నునుపు పెట్టే కూలి,
గోళ్ళ సందుల్లో ఇంకా నల్లటి రాతిపిండి.
నా కిటికీ ఊచ పట్టుకొని అడిగింది:
"యాడ్నుంచి దూరిందమ్మా అది?
నా బిడ్డ తలుపు ఎవురు తీసినారు?"

రిపోర్టు చేతిలో పెట్టి పంపడం వరకే నా పని.
కానీ ఊరి పేరే గడప అయినచోట
తలుపు సంగతి అడిగితే ఊరకుండేదెట్లా?

వాడికి ఇరవై ముఖాలు, పన్నెండు మూలలు,
మూలకో చేతికర్ర, కర్ర చివర గుబ్బ.
తాళం పగలగొట్టడు.
మన కణం మీద ఒక గొళ్ళెం ఉంటుంది,
పక్క కణాన్ని పట్టుకోడానికి.
గోడకు గోడ ఆనుకున్న మీ నకాష్ ఇళ్ళలో
ఈ పెరటి నుంచి ఆ పెరటికి కూరగిన్నె అందుకునే చెయ్యి.
వాడి గుబ్బ సరిగ్గా ఆ చేతి కొలతకే ఉంటుంది.
పొరుగమ్మ అనుకొని పట్టుకుంటుంది పిచ్చిది.

ఆ పట్టు మెత్తనిదే.
గొడవంతా రెండో పట్టు దగ్గర.
కర్ర మొదట్లో వాడికింకో కొక్కెం ఉంది,
దానికి మన కణం మీద ఇంకో చెయ్యి దొరుకుతుంది.
అది లోపలికి లాగుతుంది,
లాగుతూనే కేకేస్తుంది.
ఆ కేకే మంట. ఆ కేకే నూటనాలుగు.

అన్ని అడినోలూ ఒకే తలుపు తట్టవు.
ఒకడు కణాల కుట్టునే విప్పుతాడు, దర్జీ మాదిరి.
ఒకడు మనోళ్ళను మనోళ్ళు కొట్టకుండా ఆపే
పెద్దమనిషి భుజమ్మీదే చెయ్యేస్తాడు.
ఎవరిని పట్టాడో దాన్ని బట్టే కేక ఎంత దూరం పోయేదీ.
ఖాజాను పట్టినోడు ఏ రకమో
నా మిషన్ చెప్పదు.

మాబున్ని సగం వింది.
"కేకేస్తే మంచిదే గదా, మనుషులొస్తారు" అంది.

వస్తారు.
బుగ్గవంక పొంగిన రాత్రి
మా నాయన గడపకడ్డం మట్టిమూటలు పేర్చినాడు.
నీళ్ళు పెరటి తూము నుంచి వచ్చినాయి.
ముందరి కట్ట మాత్రం చెక్కు చెదరలేదు,
వంక తీసినాక కూడా మూడు దినాలు
ఇంట్లో నీళ్ళను ఇంట్లోనే నిలబెట్టింది.
బియ్యం, మా అక్క టెన్త్ సర్టిఫికెట్, అమ్మ కుట్టుమిషను
వంక పాడుచేసినవి కావు,
కట్ట పాడుచేసినవి.

ఇంకొకటుంది, అది ఆమెకు చెప్పలేదు.
కేక విని తెల్లకణాలు పరుగెత్తుకొస్తే
వాళ్ళు కాలు మోపడానికని
కణం మరిన్ని గొళ్ళేలు బయటికి చాపుతుంది.
వెనకాలొచ్చినవాడూ వాటి మీదే కాలు మోపుతాడు.
సాయానికి తీసిన తలుపు.
దీన్ని రాయడానికి
రిపోర్టు ఫారంలో గడి లేదు.

మూడున్నరకు ఆక్సిజన్ పెంచారని ఆయా చెప్పింది.
తెల్లారుజామున మళ్ళీ కిటికీ దగ్గర మాబున్ని.
"ఆ గొళ్ళెం పీకేస్తే పాయె గదమ్మా?
అట్లాంటి మందు లేదా?"

పీకేస్తే, అన్నాను,
గుండెలో కణం పక్క కణాన్ని పట్టుకోలేదు.
అది లేకుండా చేసిన ఎలుకపిల్లలు
తల్లి కడుపులోనే పోయినాయి.

ఆమె ఏమీ అనలేదు.
ఊచ మీద తన చేతి నల్లమరకను
పైటకొసతో తుడిచింది.
"అయితే ఉండనీలే" అంది.

పోయి మంచం పక్కన కూచుని
సెలైన్ సూది లేని చేతిలో వేలు పెట్టింది.
నిద్రలోనే వాడి పిడికిలి మూసుకుంది,
ఎవరా అని చూడకుండానే.