రెండు వందల ఒకటో దినం

మీరు చెప్పినట్టే గీశాను, ఆస్లాక్.
కంప్యూటరు ఒక్క నొక్కుతో గీసేదాన్ని
మార్చి నించీ వంటింటి బల్ల మీద
చదరాల కాగితం పరిచి, పాత పేపర్లు ముందేసుకుని
పెన్సిలుతో గీస్తున్నాను.
స్తవాంగర్ వానకి కాగితం చెమ్మగిల్లుతుంది,
మొన సరిగ్గా ఆనదు.

బ్యాంకులో కూర్చోబెట్టి చెప్పారు కదా,
హావ్‌గ్లిమ్ షేరు ధర ఏ పూటకాపూట ఎగిరిపడుతుంది,
దాని మాట పట్టించుకోకండి,
రెండు వందల దినాల సగటు చూడండి,
ధర దాని పైన నడిస్తే ఉంచండి,
కిందికి జారితే అమ్మేయండి, అంతే అని.
నాతో ఎవరైనా ఏదైనా
అంత తేలిగ్గా చెప్పి చాలా రోజులైంది.
నచ్చింది.

పద్దులు నాకు కొత్త కాదు.
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ మూతపడే దాకా
చేప లెక్క, నూనె లెక్క, తగరం లెక్క నావే.
ఈ సగటు మాత్రం వింత పద్దు.
రోజూ ఒక కొత్త అంకెను లోపలికి రానిస్తుంది,
అన్నిటికన్నా పాతదాన్ని
చప్పుడు చెయ్యకుండా పెరటి తలుపు తీసి పంపేస్తుంది.
ఇంట్లో ఎప్పుడూ రెండు వందల మందే.

షేర్లు టోర్‌లైవ్‌వి.
ఏటా జీతంలోంచి కొంత కోసి కంపెనీ ఇచ్చినవి.
"నా కాళ్ళ కింద సముద్రం, దాని కింద మన గోరంత ముక్క"
అని నవ్వేవాడు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

ఫిబ్రవరి పన్నెండు.
ప్లాట్‌ఫారం మీద క్రేను తాడు తెగిన రోజు
ధర నూట ఎనభై నాలుగు నించి
నూట ఎనభై ఒకటికి పడింది.
మర్నాడు మధ్యాహ్నానికల్లా తేరుకుంది.
అప్పటికి నేనింకా
ముందు రాత్రి సూప్ గిన్నె కూడా కడగలేదు.

మూడు క్రోనర్లని రెండు వందలతో భాగించాను.
ఒకటిన్నర ఓర్.
ఓర్ నాణేలు ఇప్పుడు ఏ అంగడిలోనూ చెల్లవు.
నా గీతలో ఆయన బరువు అంతే,
పెన్సిలు మందంలో దాక్కునేంత.
అయినా లోపల ఉన్నాడు కదా అనుకున్నాను.
మే నెల జెండాల ఊరేగింపు నాడు ఉన్నాడు.
జూన్‌లో ధర సగటు కిందికి జారి
ఆరు రోజులు అక్కడే పాకినప్పుడూ ఉన్నాడు.
మీరు ఫోన్ చేశారు. వినిపించింది. ఎత్తలేదు.
అమ్మితే గీయడం ఆపాలి,
గీయడం ఆపితే,
ఆ వాక్యాన్ని అక్కడే వదిలి బంగాళాదుంపలు తరిగాను.

నిన్న ఆ దినం బయటికి వెళ్ళింది.
రెండు సార్లు లెక్కపెట్టాను, వేలు పెట్టి.
నూట ఎనభై ఒకటి పోయి
నూట తొంభై వచ్చి దాని చోట్లో కూర్చుంది.
సగటు నాలుగున్నర ఓర్ పెరిగింది.
చూడండి, ఆస్లాక్,
ఒక చెడ్డ రోజును మర్చిపోయి
గీత తల ఎత్తింది.
మీవాళ్ళు దీన్ని బలం అంటారు కాబోలు.

సోలా వైపు హెలికాప్టరు వెళ్తోంది,
కిటికీ అద్దం వణుకుతోంది.
మనుషుల్ని తెస్తోందో, తీసుకెళ్తోందో
చప్పుడుని బట్టి చెప్పగలిగేదాన్ని ఒకప్పుడు.

షేర్లు అమ్మేయండి.
ధర సగటు పైనే ఉంది, తెలుసు,
మీ సూత్రం ప్రకారం ఉంచుకోవాలి, అదీ తెలుసు.
నేనింకో గీత మొదలుపెట్టాను.
ఫిబ్రవరి పన్నెండు దానికి మొదటి దినం.
ఇందులోంచి ఎవర్నీ పంపను.
భాగించే అంకె రోజుకొకటి పెరుగుతుంది,
ఆయన వాటా రోజురోజుకీ సన్నబడుతుంది,
ఎంత సన్నబడినా సున్నాకి చేరదు,
లెక్క ఒప్పుకోదు.

దీనికి షేర్లు అక్కర్లేదు, పేపరు చాలు.
ఇంకా చిన్న చదరాల కాగితం
మీ బ్యాంకులో ఎక్కడైనా పడి ఉంటే
ఒక కట్ట పంపగలరా.