తాకువేలు దొర

రామాయపట్నంలో, సరుగుడు తోపు దాటినాక,
ఒక దొర సమాధి ఉంది.
పోర్టుకు కంకర తోలే టిప్పరు నాది.
కాటా దగ్గర వరస కదలకపోతే
పోయి ఆ రాతి నీడన బీడీ ముట్టిస్తా.

పేరు స్టాక్‌వెల్. మావాళ్ళ నోట్లో తాకువేలు.
బర్మా యుద్ధంలో కుడిచేతి చూపుడువేలు పోయిందంట.
తుపాకీ మీట నొక్కలేని చేతికి
కలమిచ్చి కందుకూరులో కూర్చోబెట్టారు.

రాతిమీది రాతను నా కూతురు చదివింది:
ఏ పటాలంలో చేరాడు, ఏ కోట ఎక్కాడు,
ఎప్పుడు కప్తాను, ఎప్పుడు సబ్ కలెక్టరు,
ఎన్ని మైళ్ళ బాట వేయించాడు.
బాట వేయించింది ఏ ఏడో చెప్పలా.
అది మా ఇంట్లో ఉంది. ధాత.

ధాత కరువులో ఆ బాటకి
మా ముత్తాత తల్లి అంకాలు కంకర కొట్టింది.
పొద్దు వాలేవేళ దొర గుర్రం దిగి
కుప్ప కుప్పకీ కోల నిలబెడుతుండె.
బెత్తెడు తగ్గితే సగం గింజలే.
బెత్తెడంటే నాలుగు వేళ్ళు గదమ్మా,
ఈయనకున్నయ్యి మూడేనే అని
ఆడోళ్ళు కొంగులో నవ్వుకునేవాళ్ళంట,
నవ్వే ఓపిక ఉన్నన్నాళ్ళు.

ఒకనాడు అంకాలు కుప్ప తగ్గింది.
చంకలో పిల్లోడు ఏడవటం మానేసి రెండు రోజులు.
దొర చూశాడు. ఏమీ అనలా.
కోలని ఇసకలోకి అదిమాడు, బెత్తెడు లోతు.
"సరిపోయింది, రాసుకో" అన్నాడు గుమస్తాతో.

పక్క కుప్ప దగ్గర
కోల నేల మీదే నిలబడింది.
ఆ కుప్ప ఓర్సు గురవమ్మది.
ఆమె గురించి మా ఇంట్లో ఇంకేం లేదు, పేరు తప్ప.

చంకలో పిల్లోడే మాలకొండయ్య.
పెద్దయి, ఉలి పట్టి, ఈ రాయి చెక్కింది ఆయనే.
అక్షరమ్ముక్క రాదు. కాయితం పక్కన పెట్టుకుని
వంపుకి వంపు, గీతకి గీత దించాడు.
మూడు రూపాయలిచ్చి దొరసాని ఓడెక్కింది.

అప్పుడిది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, మళ్ళా నెల్లూరు.
బోర్డులకి రంగులేసినోళ్ళు బాగుపడ్డారు.

అన్ని రాతలకీ అడుగున, కాయితంలో ఉండదనుకుంటా,
ఒక నిలువు గీత.
నా కూతురు ఇంగ్లీషు అక్షరమంటుంది, నేను అనే మాట.
పోర్టు ఇంజనీరు పగులన్నాడు.
నిన్న మోకాళ్ళ మీద కూర్చుని ఇసక తోడా.
నా నాలుగు వేళ్ళూ దిగినా
గీత ఇంకా లోపలికే పోతా ఉంది.

హారన్ కొడుతున్నారు. వరస కదిలింది.
కాటా కాడ కుర్రాడు రోజూ అరటన్ను కోసి రాస్తాడు.
వాడి వేళ్ళు ఐదూ ఉన్నయ్యి, చూశా.